జీవాల పాడి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మేక పాల గురించే. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం. మందుల మోతాదు అడిగినవారికి మాత్రం ఇక్కడ జవాబు దొరకదు. జీవాన్ని చూడకుండా చెప్పే సంగతి కాదది.

మా మందలో 40 మేకలున్నాయి. ఏది ఎక్కువ పాలిస్తుందో రోజూ పితికేవాడికి తెలియదా? లెక్క రాయడం ఎందుకు? రాయాలంటే ఎలా రాయాలి?
— అనంతపురం జిల్లా పాఠకుడు

పితికేవాడికి తెలిసేది చెంబులో పడ్డ పాలే. పిల్లలు తాగినవి చెంబులోకి రావు. ఒంటిపిల్ల తల్లి చెంబు నింపుతుంది, కవలల తల్లి అరచెంబు ఇస్తుంది. పొదుగులో తయారైన పాలు లెక్కగడితే చాలాసార్లు రెండోదానివే ఎక్కువ. చెంబును నమ్మి ఏరితే కవలలు ఈనే మంచి మేకలు సంతకు పోతాయి.

నెలకు ఒక్క రోజు కొలిస్తే చాలు. మొదటి కొలత ఈనిన రెండు వారాల తర్వాత మొదలుపెట్టండి. ముందురోజు సాయంత్రం 6 గంటలకు పిల్లలను వదిలి పొదుగు ఖాళీ చేయించండి. మిగిలిన పాలు చేత్తో పిండేసి పిల్లలను వేరే కట్టండి. మర్నాడు ఉదయం సరిగ్గా 6 గంటలకు ఎడమ చన్ను పిల్లకు ఇచ్చి, అదే సమయంలో కుడి చన్ను పితికి తూచండి. ఆ తర్వాత మళ్లీ పిల్లలను వేరుచేసి, సాయంత్రం 6 గంటలకు వైపులు మార్చి ఇంకోసారి తూచండి. రెండు తూకాలూ కలిపి రెట్టింపు చేస్తే అది ఆ రోజు పాలు. పక్కన పిల్ల చీకుతుండాలనడానికి కారణముంది. మన నాటు మేకలు చాలావరకు పిల్ల లేనిదే పాలు చేపవు. చేపని మేకను కొలిస్తే ఆ అంకెకు అర్థం లేదు.

లీటరు గ్లాసు కన్నా చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు నయం, గ్లాసులో నురగ మోసం చేస్తుంది. లీటరు మేక పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. కొలత చెడేది ఎక్కువగా మూడు చోట్ల: రెండు పితుకుళ్ల మధ్య ఒకసారి 10 గంటలు, ఒకసారి 14 గంటలు ఉండటం, నెలనెలా పితికే మనిషి మారటం, జ్వరమో టీకా నలతో ఉన్న రోజున కొలిచేయటం. అలాంటి రోజు వస్తే వదిలేసి నాలుగు రోజులాగి కొలవండి.

ఇక లెక్క. ఒక మేక ఈనిన 15వ రోజున 1.2 లీటర్లు, 45వ రోజున 1.4, 75వ రోజున 1.1, 105వ రోజున 0.8, 135వ రోజున 0.5 లీటర్లు ఇచ్చిందనుకోండి. మొదటి 15 రోజులకు మొదటి కొలతే తీసుకోవాలి: 18 లీటర్లు. ఆపైన ప్రతి 30 రోజులకూ అటూ ఇటూ ఉన్న రెండు కొలతల సగటు వేసుకోవాలి: 39, 37.5, 28.5, 19.5. చివరి 15 రోజులకు ఆఖరి కొలత: 7.5. మొత్తం 150 రోజుల ఈతకు 150 లీటర్లు. పాడి జీవాల లెక్కలు రాసే దేశాలన్నిటా వాడుకలో ఉన్న పద్ధతి దాదాపు ఇదే.

అంకె వచ్చాక పోల్చడంలోనూ జాగ్రత్త కావాలి. తొలిచూలు మేక తన మూడో, నాలుగో ఈతలో ఇచ్చే పాలల్లో ముప్పావు వంతు మాత్రమే ఇస్తుంది. కాబట్టి తొలిచూలును తొలిచూలుతోనే, తొలకరి మేపులో ఈనినదాన్ని అదే కాలంలో ఈనినవాటితోనే పోల్చాలి. ఎండాకాలం ఈనిన మేకను వానాకాలం మేకతో పోలిస్తే మీరు కొలిచేది గడ్డిని, మేకను కాదు.

మంచి పోతు తెస్తే పాలు రెట్టింపవుతాయని అంటున్నారు. నిజమేనా? పోతు పాలివ్వదు కదా, దాన్ని ఎలా ఎంచాలి?
— మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల నుంచి ఇద్దరు పాఠకులు

ఒక తరంలో రెట్టింపు కావు. ఎంత పెరుగుతాయో లెక్కగట్టి చూపిస్తాం. తర్వాత ఎవరేం చెప్పినా మీకే తెలుస్తుంది.

పాల దిగుబడిలో మేకకూ మేకకూ ఉండే తేడాలో సుమారు 30 శాతమే పుట్టుకతో వచ్చేది. మిగతాది మేపు, ఆరోగ్యం, ఈనిన కాలం, అదృష్టం. మీ మంద సగటు 120 లీటర్లు, ఒక మేక ఒక ఈతలో 160 లీటర్లు ఇచ్చిందనుకోండి. ఆ 40 లీటర్ల తేడాలో రక్తంలో ఉన్నది 12 లీటర్లే. అదే మేక మూడు ఈతల సగటున 160 ఇస్తే నమ్మకం పెరుగుతుంది, వాటా 47 శాతం దాకా వెళ్తుంది, అంటే దాదాపు 19 లీటర్లు. దాని కొడుక్కి అందులో సగం, తొమ్మిదిన్నర. ఆ పోతు కూతుళ్లకు మళ్లీ సగం. ఒక్కో కూతురికి 5 లీటర్ల లోపు.

ఇంతేనా అనిపిస్తుంది. అయితే మేక ఏటా ఒకరిద్దరికి తల్లవుతుంది, పోతు 50 మందికి తండ్రవుతుంది. పైగా ఈ పెంపు పోదు, తరం మీద తరం పేరుకుంటుంది. ఫ్రాన్స్‌లో రోక్‌ఫోర్ట్ జున్నుకు పాలిచ్చే లకోన్ గొర్రెలు 1960 ప్రాంతంలో ఈతకు దాదాపు 80 లీటర్లే ఇచ్చేవి. 1990ల చివరికి అది సుమారు 270 లీటర్లకు చేరింది. పరాయి జాతి రక్తం ఎక్కించి సాధించింది కాదు. పాలు కొలవడం, కూతుళ్లను బట్టి పొట్టేళ్లను ఎంచడం, మేపు మెరుగుపరచడం, ఈ మూడూ నలభై ఏళ్లు ఆపకుండా చేశారు.

కూతుళ్లను బట్టి ఎంచడం ఎందుకంటే, తల్లి లెక్క ఒక్కటే చూసి పోతును ఎంచినప్పుడు అంచనా నమ్మకం 12 శాతమే. 12 మంది కూతుళ్ల పాలు కొలిస్తే 50 శాతానికి, 30 మందివి కొలిస్తే 70 శాతానికి వస్తుంది. చిక్కల్లా కాలంతోనే. ఏడాది వయసున్న పోతు మేకను దాటితే (కలిస్తే), ఆ పిల్ల పుట్టి, పెరిగి, ఈని, పాలు కొలిచేసరికి పోతుకు మూడేళ్లు దాటుతాయి. ఈలోగా అది మీ దొడ్డిలోనే ఉంటే సొంత కూతుళ్లను దాటుతుంది. తండ్రీ కూతుళ్ల కలయికలో పుట్టే పిల్లలో రక్తసంబంధ దోషం 25 శాతం. ఒకే తండ్రి, వేరు తల్లుల పిల్లలు కలిస్తే 12.5 శాతం. బలహీనమైన పిల్లలు, ఎద సరిగా రాకపోవడం, పాలు తగ్గడం దీని ఫలితాలే.

అందుకే ఒంటరి రైతుకు ఇది అందదు. నలుగురైదుగురు కలవాలి. పోతును కూతుళ్లు ఎదకొచ్చే వేళకు, అంటే ఏడాదిన్నర, రెండేళ్లకు, పక్క మందకు మార్చండి. కోతకు అమ్మకండి. కూతుళ్ల లెక్క వచ్చాక బాగుంటే తిరిగి తెచ్చుకోవచ్చు. ఇరవై అయిదు, ముప్పై మేకలకు ఒక పోతు చాలు. వీర్యకణం తయారుకావడానికి ఏడు వారాలు పడుతుంది కాబట్టి దాణా దాటించే కాలానికి రెండు నెలల ముందే పెంచాలి. ముందు వారం బాదంపప్పు పెట్టినా లాభం లేదు.

సానెన్ మేక రోజుకు 4 లీటర్లు ఇస్తుందట. దానితో మా నాటు మేకలను సంకరం చేయవచ్చా?
— సిద్దిపేట పాఠకురాలు

స్విట్జర్లాండ్ పాడి జాతి సానెన్ అంత ఇస్తుంది, తిండి ఉంటే. ముందు తిండి లెక్క చూడండి. 50 కిలోల మేకకు ఒంటిని నిలబెట్టుకోవడానికే రోజుకు సుమారు 8 మెగాజౌళ్ల శక్తి కావాలి. ఆపైన ప్రతి లీటరు పాలకు 5. నాలుగు లీటర్లకు మొత్తం 28. ఎండు జొన్న చొప్పలో కిలోకు 7 ఉంటుంది. అంటే 4 కిలోల చొప్ప తినాలి, మేక బరువులో 8 శాతం. పాడి మేక తినగలిగేది ఎండు లెక్కన 4–5 శాతమే. కడుపులో చోటు లేదు. రెండున్నర కిలోల మేతలోనే 28 మెగాజౌళ్లు రావాలంటే సగానికి పైగా దాణా పెట్టాలి. అలవాటు లేని మేకకు ఒక్కసారిగా అంత దాణా పెడితే కడుపులో ఆమ్లం పెరిగి పడిపోతుంది.

అదే లీటరు పాలిచ్చే మేకకు 13 మెగాజౌళ్లు చాలు. 1.2 కిలోల మేత, 400 గ్రాముల దాణా సరిపోతాయి. మేతలో మూడోవంతు వేరుశనగ కట్టె, కంది పొట్టు, అవిసె ఆకు లాంటి పప్పుజాతివి ఉండాలి, లేకపోతే మాంసకృత్తులు చాలవు. సుబాబుల్ మేతలో మూడోవంతు మించకూడదు, దానిలోని మైమోసిన్ వల్ల వెంట్రుకలు రాలి, థైరాయిడ్ దెబ్బతింటుంది.

మన దేశంలో ఈ ప్రయోగం కొత్తది కాదు. 1970లలో కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో ఆల్పైన్, సానెన్ పోతులతో పంజాబు బీటల్ మేకలను సంకరం చేశారు. సంకర మేకలకు పాలు పెరిగాయి. అయితే అక్కడ కొట్టంలో మేపు, పచ్చిగడ్డి, వైద్యం అన్నీ అమరి ఉన్నాయి. బీటల్ మేక కూడా చిన్నదేమీ కాదు. ఎండలో పది కిలోమీటర్లు తిరిగి మేసే మందకు ఆ ఫలితం వర్తించదు. తెల్లటి పల్చని చర్మం ఉన్న సానెన్‌కు మన ఎండ తగిలితే పొదుగు, చెవుల మీద చర్మం కమిలిపోతుంది.

పాల మేక అనగానే స్విట్జర్లాండ్ వైపు చూసేవారికి ఒక సంగతి. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండువారు తమ ఆంగ్లో నూబియన్ జాతిని తయారుచేసుకోవడానికి తీసుకెళ్లిన మేకల్లో మన ఇటావా ప్రాంతపు జమునాపారి కూడా ఉంది. ఇండోనేషియాలో పాల మేకను ఇప్పటికీ ఇటావా పేరుతోనే పిలుస్తారు. మథుర దగ్గర మఖ్దూంలో 1979 నుంచి ఉన్న కేంద్ర మేకల పరిశోధన సంస్థ జమునాపారి, బర్బరి జాతులను పాల లెక్కలతోనే ఎంపిక చేస్తూ వస్తోంది. కట్టేసి మేపగలిగితే అక్కడి పోతు పిల్లను తల్లి పాల రికార్డుతో సహా అడగండి. తిప్పి మేపేవారైతే ఉస్మానాబాదీలోనో, మీ నాటు మేకల్లోనో కొలిచి ఏరుకోవడం లాభం.

సంకరం చేసి తీరతానంటే సానెన్ రక్తం సగం దగ్గర ఆపండి. 75 శాతం దాటిన మేకకు పాలతోపాటు రోగాలూ పెరుగుతాయి. కొనేముందు కీళ్లవాపు వైరస్, అంటే సి.ఎ.ఇ., రక్తపరీక్ష అడగండి. అది తల్లి ముర్రుపాల ద్వారా పిల్లలకు వస్తుంది. ముర్రుపాలను 56 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి తాగిస్తే వైరస్ చస్తుంది, రక్షక పదార్థాలు మిగులుతాయి. 60 దాటితే పాలు గడ్డకడతాయి, ఆ రక్షణా పోతుంది. పిల్ల బరువు ప్రతి కిలోకూ 50 మిల్లీలీటర్ల చొప్పున మొదటి గంట రెండు గంటల్లోనే పట్టాలి.

కొమ్ములుంటే పొడుచుకుంటాయని అయిదేళ్లుగా బోడి పోతునూ బోడి మేకలనూ ఏరి పెంచుతున్నాను. అన్నీ సంకర మేకలే. ఇప్పుడు పుట్టే ఆడపిల్లల్లో కొన్నిటికి ఎద రావడం లేదు, పోతులా ప్రవర్తిస్తున్నాయి. మేపులో లోపమా?
— తూర్పు గోదావరి జిల్లా పాఠకుడు

మేపు కాదు, మీరు ఏరిన బోడితనమే. సానెన్, ఆల్పైన్, టోగెన్‌బర్గ్ లాంటి ఐరోపా జాతుల్లో కొమ్ముల్లేకపోవడానికి కారణమైన జన్యుమార్పు మరో పని కూడా చేస్తుంది. దాని ఒక నకలు ఉంటే మేక బోడిగా, ఆరోగ్యంగా ఉంటుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు నకళ్లూ వస్తే ఆడపిల్లలో అండాశయం ఎదగదు, దాని చోట వృషణంలాంటిది తయారవుతుంది. 2001లో ఫ్రెంచి పరిశోధకులు ఈ గుట్టు విప్పారు: ఒకటో క్రోమోజోము మీద దాదాపు 11,700 డి.ఎన్.ఏ. అక్షరాల ముక్క ఊడిపోయి ఉంటుంది. అండాశయానికి అవసరమైన జన్యువు దాని పక్కనే ఉంది, ఆ ముక్క లేకపోతే అది పనిచేయదు.

బోడి పోతు, బోడి మేక కలిస్తే నలుగురు పిల్లల్లో ఒకరికి రెండు నకళ్లూ వస్తాయి. అంటే ఆడపిల్లల్లో నాలుగోవంతు గొడ్డు. పుట్టగానే యోని కింది కొన చూడండి, బఠాణీ గింజంత ఉబ్బు ఉంటే అనుమానించాలి. పెద్దయ్యాక మెడ లావెక్కుతుంది, పోతు వాసన వేస్తుంది. వైద్యం లేదు. మాంసానికి పెంచుకోవడమే. రెండు నకళ్లున్న పోతులూ కొన్ని వీర్యనాళం మూసుకుపోయి పనికిరాకుండా పోతాయి.

పరిష్కారం సులువు: బోడి మేకలకు కొమ్ముల పోతు. అంతే. అప్పుడు పిల్లల్లో సగం బోడివే పుడతాయి, రెండు నకళ్లు పొందేది ఒక్కటీ ఉండదు. గొర్రెలకు ఈ బాధ లేదు. బోడి పొట్టేలునూ బోడి గొర్రెనూ నిశ్చింతగా కలపవచ్చు.

ఆవులకు చేసినట్టే మేకలకు కృత్రిమ గర్భధారణ చేయించాం. చాలావాటికి నిలవలేదు. గొర్రెలకైతే చేయనే చేయరట. ఎందుకని?
— ప్రకాశం జిల్లా

మేకలో అండం విడుదలయ్యేది ఎద మొదలైన 30–36 గంటలకు. మీకు ఎద కనిపించేది చాలాసార్లు అది మొదలైన పది గంటలకు. పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున వేయించాలి. ఎద ఇంకా ఉంటే మరో 12 గంటలకు రెండోసారి. ఎదను పట్టడానికి తోక ఆడించడం చూస్తూ కూర్చునే బదులు, కడుపుకు గోనెపట్టా కట్టిన పోతును రోజుకు రెండుసార్లు మందలో తిప్పండి.

రెండో తప్పు స్ట్రా దగ్గర, అంటే గడ్డకట్టించిన వీర్యం ఉండే సన్న గొట్టం దగ్గర. 0.25 మిల్లీలీటర్ల స్ట్రాను 37 డిగ్రీల నీళ్లలో 30–40 సెకన్లు ఉంచాలి. చేత్తో రుద్ది, జేబులో పెట్టి కరిగిస్తే కణాలు సగం చస్తాయి. తీశాక తడి పూర్తిగా తుడవాలి, ఒక్క చుక్క నీరు కలిసినా వీర్యం పాడే. మేక వీర్యంలో ఇంకో చిక్కుంది. పోతు గ్రంథి ఒకటి విడుదల చేసే ఎంజైము, నిల్వ ద్రావణంలోని గుడ్డు పచ్చసొనతో కలిసి విషంగా మారుతుంది. అందుకే దాన్ని కడిగి తీసేయాలి, లేదా పచ్చసొన బాగా తగ్గించాలి. ఆవు వీర్యం పద్ధతిలోనే తయారైన మేక వీర్యం అందుకే నిలవదు. స్ట్రాలు కొనేచోట, కరిగాక ఎంత శాతం కణాలు చురుగ్గా ఉన్నాయో సూక్ష్మదర్శినిలో చూపించమనండి.

గొర్రెకు అడ్డం గర్భాశయ ముఖద్వారమే. అందులోని వలయాలు ఒకదానికొకటి ఎదురుబొదురుగా ఉండవు, గొట్టం దూరదు. గడ్డకట్టించిన వీర్యకణానికేమో అంత దూరం ఈదే శక్తి ఉండదు. లకోన్ గొర్రెల్లో ఏటా లక్షల్లో కృత్రిమ గర్భధారణ జరుగుతోందంటే అక్కడ వాడేది ఆ రోజు తీసిన తాజా వీర్యం. సేకరణ కేంద్రం కొన్ని గంటల దూరంలో ఉండాలి. గడ్డకట్టించినది వాడాలంటే పొట్టకు చిన్న రంధ్రం చేసి లాపరోస్కోపుతో నేరుగా గర్భాశయంలో వేయాలి. అది పరిశోధన కేంద్రాల పని.

అన్నీ ఒకేసారి ఎదకు రావాలని యోనిలో ఉంచే హార్మోను స్పంజి, పి.ఎం.ఎస్.జి. అనే హార్మోను ఇంజెక్షను వేయించేవారికి ఒక మాట. మేకలో స్పంజి 11 రోజులు ఉంచుతారు, తీసిన 43–45 గంటలకు వీర్యం వేస్తారు. అదే మేకకు ఏటేటా ఆ ఇంజెక్షను ఇస్తే శరీరం దానికి విరుగుడు తయారుచేసుకుంటుంది. ఎద ఆలస్యమవుతుంది, గడియారం చూసి వేసిన వీర్యం వృథా అవుతుంది. మొదటి ఏడు బాగా నిలిచి మూడో ఏడు పడిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. మన మందకు ఇంతకన్నా చౌక మార్గం మగ పోతు. దాన్ని నెలా నెలన్నర కంటికి, ముక్కుకు అందనంత దూరం ఉంచి ఒక్కసారిగా వదలండి. కొన్ని మేకలు రెండు మూడు రోజుల్లోనే ఎదకొస్తాయి, ఎక్కువ భాగం వారం పది రోజుల లోపు. గొర్రెల్లో మొదటి అండం ఎద చూపకుండానే పోతుంది కాబట్టి మూడు వారాలు ఓపిక పట్టాలి.

దక్కనీ గొర్రెలకు రెండేసి పిల్లలు పుట్టించే జన్యువు ఉందని విన్నాం. మాకు పనికొస్తుందా?
— నారాయణపేట

ఉంది, పేరు ఫెక్‌బి. సుందరబన్‌లోని చిన్న గరోల్ గొర్రె దాని పుట్టిల్లు. ఆస్ట్రేలియాలో ప్రసిద్ధమైన బూరూలా మెరీనో గొర్రెలో ఉన్నదీ అదే మార్పు. 2001లో దాన్ని జన్యువు స్థాయిలో గుర్తించారు, రక్తం చుక్కతో పరీక్ష చేయవచ్చు. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో ఉన్న నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ దాన్ని దక్కనీ గొర్రెల్లోకి ఎక్కించి నారీ సువర్ణ తయారుచేసింది. రాజస్థాన్‌లోని అవికానగర్ సంస్థ మరో దారి పట్టింది: గరోల్ 12.5 శాతం, మాల్పురా 37.5, పాటన్‌వాడి 50 శాతంతో అవిశాన్. పాటన్‌వాడి వాటా సగం ఎందుకో గమనించండి. అది గుజరాత్‌లో పాలు పితికే గొర్రె. పిల్లల సంఖ్య పెంచి తల్లి పాలు పెంచకపోతే మూడోపిల్ల ఆకలితో చస్తుంది.

మీ ప్రశ్నకు జవాబూ అక్కడే ఉంది. ఒక నకలు ఉన్న గొర్రె చాలు, రెండు నకళ్లవి ముగ్గురు, నలుగురిని ఈనవచ్చు. కాబట్టి నారీ సువర్ణ పొట్టేలును మీ గొర్రెలతో కలిపి ఒక నకలు దగ్గరే ఆగండి. పిండం బరువులో మూడొంతులకు దగ్గరగా పెరిగేది చివరి 50 రోజుల్లోనే. ఆ కాలంలో రోజుకు 250 గ్రాముల దాణా ఇవ్వలేని మందకు ఈ జన్యువు వద్దు. ఇవ్వకపోతే చూడి గొర్రె ఒంట్లో కొవ్వు కరిగి, నోరు తీపి వాసన వేసి, తిండి మానేసి పడిపోతుంది. ఎండాకాలం వలసపోయే మందలకైతే ఒంటిపిల్లే క్షేమం.

పొదుగువాపు పరీక్ష ద్రావణం కలిపితే మా 22 మేకల్లో 15 మేకల పాలు చిక్కబడుతున్నాయి. పొదుగులు మాత్రం మెత్తగా, బాగానే ఉన్నాయి. అన్నిటికీ మందు వేయించాలా?
— గుంటూరు జిల్లా

వద్దు. ఆ సి.ఎం.టి. ద్రావణం కొలతలు ఆవు కోసం రాసినవి. మేక పొదుగులో పాలు ఊరే తీరు వేరు. కణాల చివర్లు తెగి పాలల్లో కలుస్తాయి, అవి జబ్బు వల్ల వచ్చినవి కావు. జబ్బులేని మేక పాలల్లోనూ మిల్లీలీటరుకు 10 లక్షల దాకా కణాలుండవచ్చు. ఈత చివర్లో, ఎదలో ఇంకా పెరుగుతాయి. అమెరికాలో అమ్మే ఆవు పాలకు పరిమితి 7.5 లక్షలైతే మేక పాలకు 15 లక్షలు పెట్టింది అందుకే.

రెండు చన్నులనూ విడివిడిగా పరీక్షించి పోల్చండి. రెండూ ఒకేలా కొద్దిగా చిక్కబడితే వదిలేయండి. ఒకటి పల్చగా, రెండోది జెల్లీలా ఉంటే ఆ వైపు పాలు ప్రయోగశాలకు పంపాలి. అక్కడ కణాలు లెక్కించే యంత్రం డి.ఎన్.ఏ.ను బట్టి లెక్కించేదై ఉండాలి. కేవలం పరిమాణాన్ని బట్టి లెక్కించే యంత్రం ఆ తెగిన ముక్కలను కూడా కణాలుగా లెక్కేస్తుంది.

మేక పాలతో జున్ను, పనీర్ చేసి అమ్మాలనుకున్నాం. కొన్ని మేకల పాలు గట్టిపడవు. కారణం?
— హైదరాబాద్ శివారు ఫారం యజమాని

ఆల్ఫా ఎస్ 1 కేసిన్ అనే మాంసకృత్తు. దాన్ని తయారుచేసే జన్యువుకు చాలా రూపాలున్నాయి. ఎ, బి, సి రూపాల్లో ఒక్కో నకలు లీటరుకు సుమారు 3.6 గ్రాములు ఇస్తుంది. ఇ రూపం 1.6, ఎఫ్ రూపం 0.6, ఓ రూపం సున్నా. రెండు నకళ్లూ ఎ అయితే 7 గ్రాములు, రెండూ ఎఫ్ అయితే గ్రాము చిల్లర. ఫ్రెంచి ఆల్పైన్, సానెన్ మందల్లో ఇ, ఎఫ్ రూపాలు ఎక్కువని తేలాక, అక్కడ పోతులను ఈ పరీక్ష చేసి మరీ ఎంచడం మొదలుపెట్టారు. మన జాతులను పరిశీలించినప్పుడు ఎక్కువగా కనబడ్డవి ఎ, బి రూపాలే. మీవి సానెన్ సంకరాలైతే పోతుకు ఆ పరీక్ష చేయించడం దండగ కాదు. అన్ని మేకల పాలూ ఒకేలా పలచబడి ఉంటే మాత్రం జన్యువును అనుమానించకండి, మేపులో దాణాను, మేతను చూడండి.

రోజుకు ఒక్కసారే పితికితే ఎంత నష్టం?
— చిత్తూరు జిల్లా

ఆవులో అయితే 30 శాతం దాకా. మేకలో 15–20 శాతమే. మేక పొదుగులో పాలు 70–80 శాతం కింద తిత్తిలోనే నిలుస్తాయి, పైన పాలు ఊరే కణజాలం మీద ఒత్తిడి తక్కువ. కూలి దొరకని రోజుల్లో, ఈత మూడో నెల దాటాక, ఒక పూట పితకడం మానేయవచ్చు. తొలి రెండు నెలలు మాత్రం వద్దు.

డెంగీకి మేక పాలు తాగితే ప్లేట్‌లెట్లు పెరుగుతాయని మా ఊళ్లో లీటరు వందల రూపాయలకు కొంటున్నారు. పచ్చివే తాగాలంటున్నారు.
— వరంగల్, విజయవాడ, ఖమ్మం నుంచి

పెరుగుతాయనడానికి నమ్మదగిన ఆధారం లేదు. డెంగీలో ప్లేట్‌లెట్లు జ్వరం తగ్గిన కొన్ని రోజులకు వాటంతటవే పెరుగుతాయి. ఆ వేళకు ఏది తాగితే దానికి పేరు వస్తుంది. పచ్చి పాలు మాత్రం నిజంగా ప్రమాదం. మేకల బ్రూసెల్లా మనుషులకు సోకే బ్రూసెల్లాల్లోకెల్లా మొండిది, నెలల తరబడి జ్వరం, కీళ్లనొప్పులు తెస్తుంది. 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు, లేదా ఇంట్లో అయితే ఒక పొంగు వచ్చేదాకా కాచండి. మీరు అమ్మేవారైతే కాచి తాగమని చెప్పే అమ్మండి. ఈచుకుపోయిన మేకల పాలు అసలే అమ్మకండి. ఏడాది లోపు పిల్లలకు తల్లిపాలకు బదులు మేక పాలు పట్టవద్దు, ఫోలేటు చాలక రక్తహీనత వస్తుంది. ఆవు పాలు పడని పిల్లల్లో చాలామందికి మేక పాలూ పడవు.

వాసన గురించి అడిగినవారికి: పోతును పితికే చోటికి దూరంగా కట్టండి, పాలను రెండు గంటల్లోపు 4 డిగ్రీలకు చల్లార్చండి, చల్లారే పాలను గిలకొట్టకండి. గిలకొడితే కొవ్వు చిట్లి వాసన ఆమ్లాలు బయటికొస్తాయి. పితికిన వెంటనే కమ్మగా ఉండి, మర్నాటికి పోతు కంపు కొడితే తప్పు మేకది కాదు, చల్లార్చడంలో ఉంది.